పండక్కి ఊరెళ్లినప్పుడు: సాగు చేసే అమ్మానాన్నల ఆరోగ్యానికి రెండు రోజుల పని

"మా అమ్మానాన్నలు ఊళ్లో వ్యవసాయం చేస్తారు. నేను హైదరాబాద్‌లో ఉంటాను. వాళ్లకేమన్నా అయితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా తెలీదు. ఏం చేయమంటారు?"

మాటలు కొంచెం మారతాయి గానీ నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. హైదరాబాద్ బదులు బెంగళూరో, దుబాయో, డల్లాసో ఉంటుంది, అంతే తేడా. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలని ఇది రాస్తున్నాను. ఊళ్లోనే ఉండి సాగు చేసుకునేవాళ్లకూ పనికొస్తుంది. వాళ్లకు పండగ దాకా ఆగాల్సిన పని కూడా లేదు.

పల్లెల్లో సాయమే లేదనుకోవద్దు. ఆశా కార్యకర్త ఉంది, సబ్‌సెంటర్ ఉంది, 108 ఉంది, ఆరోగ్యశ్రీ ఉంది. తీరా అవసరమైన గంటకు కాగితం దొరకదు, నంబరు గుర్తుకు రాదు, వెంట వచ్చే మనిషి ఉండడు. ఇది నాకు మా ఇంట్లోనే తెలిసొచ్చింది. నాలుగేళ్ల కింద ఒక రాత్రి మా అమ్మ కళ్లు తిరిగి పడిపోయింది. పక్కింటివాళ్లు 108కి ఫోన్ చేశారు, బండి వచ్చింది. ఆధార్, రేషన్ కార్డు బీరువాలో ఉన్నాయి. బీరువా తాళంచెవి బాపు మొలతాడుకు ఉంది. బాపేమో ఫోన్ ఇంట్లోనే వదిలేసి మక్కకు నీళ్లు కట్టడానికి పోయాడు. ఆసుపత్రిలో "ఏం గోళీలు వాడుతుంది?" అని అడిగితే, వెంట వెళ్లిన పక్కింటి వదిన "ఒకటి తెల్లది, ఒకటి చిన్నది" అని చెప్పిందట. షుగర్ గోళీ వేసుకుని అన్నం తినకుండా పడుకుంది, షుగర్ పడిపోయింది. అదృష్టం బాగుండి త్వరగానే కోలుకుంది.

అందుకే కింద చెప్పేవన్నీ ముందే సిద్ధం చేసి పెట్టుకునే పనులు.

కావాల్సినవి

- జిప్ ఉన్న సంచి లేదా ప్లాస్టిక్ ఫోల్డరు ఒకటి. ఎర్ర రంగుదైతే చీకట్లో, కంగారులో కూడా కనబడుతుంది.
- తెల్ల చార్టు, లావు మార్కర్ పెన్ను.
- చేతి దండకు కట్టే డిజిటల్ బీపీ మిషన్. మణికట్టుకు కట్టేది వద్దు, అది సరిగ్గా చూపించాలంటే చెయ్యి పెట్టే తీరు బాగా తెలిసుండాలి.
- తాళం వేసుకునే ఇనప పెట్టె లేదా గట్టి చెక్క పెట్టె.
- రబ్బరు గ్లౌజులు రెండు జతలు, కళ్లద్దాలు, రబ్బరు బూట్లు, చేనుకు పురుగుమందు కొట్టేటప్పుడు పెట్టుకునే మాస్కు.
- మంచి టార్చిలైటు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఒక పది.
- రెండు రోజుల తీరిక. బంధువుల ఇళ్లకు మూడో రోజు వెళ్లొచ్చు.

బీపీ మిషన్‌కు డబ్బులు లేకపోతే మానేయండి, సబ్‌సెంటర్‌లో ఉచితంగా చూస్తారు. గ్లౌజులు మాత్రం మానకండి.

1. కాగితాలన్నీ ఒకే సంచిలోకి

బియ్యం డబ్బా వెనక ఉన్న ఎక్స్‌రే, దేవుడి పటం వెనక ఉన్న చీటీలు, బట్టల మడతల్లో ఉన్న రిపోర్టులు అన్నీ బయటికి తీయండి. ఇద్దరి ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కుల మొదటి పేజీ, పట్టాదారు పాసుపుస్తకం, కౌలుకు చేస్తుంటే కౌలు కార్డు, వీటన్నిటికీ జిరాక్సులు తీసి సంచిలో పెట్టండి. అసలువి బీరువాలోనే ఉండనివ్వండి. ఆసుపత్రి కాగితాలు మాత్రం అసలువే సంచిలో ఉండాలి. కొత్తవి పైన, పాతవి కింద పెట్టండి.

మనిషికొక తెల్లకాగితం తీసి పేరు, వయసు, ఉన్న జబ్బులు, పడని మందులు, ఇప్పుడు వాడుతున్న గోళీల పేర్లు, ఏ పూట ఎన్ని వేసుకోవాలో రాయండి. అట్ట మీదున్న పేరు చూసి అక్షరం పోకుండా రాయాలి. ఈ కాగితం సంచిలో అన్నిటికంటే పైన ఉండాలి.

జాగ్రత్త: ఆధార్‌లో "లచ్చమ్మ", రేషన్ కార్డులో "లక్ష్మి" ఉండటం మన ఊళ్లల్లో మామూలే. ఆసుపత్రి బెడ్డు మీద ఉన్నప్పుడు కాదు, ఇప్పుడే మీసేవకో సచివాలయానికో వెళ్లి సరిచేయించండి. పుట్టినతేదీ కూడా చూడండి. బీమాల్లో వయసు దగ్గరే పేచీ వస్తుంది.

అన్నిటికీ ఫోటోలు తీసి మీ ఫోన్‌లో, మీ తోబుట్టువుల ఫోన్లలో పెట్టుకోండి.

2. గోడ మీద నంబర్ల చార్టు

ఫోన్‌లో సేవ్ చేశాం కదా అంటారు. ఆ ఫోన్ చార్జింగ్ అయిపోయి ఉంటుంది, లేకపోతే నాన్న జేబులో పొలంలో ఉంటుంది. చార్టు గోడ మీదే ఉండాలి. నంబర్లు ఈ వరుసలో పెద్ద అక్షరాల్లో రాయండి:

- 108: అంబులెన్సు
- ఊళ్లో బండి ఉన్న ఇద్దరి నంబర్లు
- ఆశా, ఏఎన్ఎం (సబ్‌సెంటర్ నర్సు) నంబర్లు
- 104: ఆరోగ్యశ్రీ, ఆరోగ్య సమాచారం
- 14416: టెలిమానస్. మనసు బాగోలేనప్పుడు ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు
- 1800 180 1551: కిసాన్ కాల్ సెంటర్, పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా
- 15100: ఉచిత న్యాయసాయం
- మీ నంబరు

మీ నంబరు అడుగున ఎందుకంటే, కంగారులో వాళ్లు ముందు మీకే చేస్తారు. మీరు రెండొందల కిలోమీటర్ల అవతల నుంచి 108కి చేస్తారు. ఆ ఊరికి దారి మీకన్నా పక్కింటాయన బాగా చెబుతాడు. "ముందు 108, తర్వాత నేను" అని నోటితో కూడా రెండుసార్లు చెప్పండి.

108కి ఏం చెప్పాలో చార్టు అడుగున రాసిపెట్టండి: ఊరు, మండలం, ఇంటికి గుర్తు. "హనుమాన్ గుడి దాటినాక నీళ్ల ట్యాంకు పక్కన" అన్నట్టు ఉండాలి. ఇంటి నంబరుతో ఎవరికీ దారి దొరకదు.

3. ఇద్దరికీ పరీక్షలు

ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు సబ్‌సెంటర్‌లో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. బోర్డు మీద ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని ఉండొచ్చు. తెలంగాణలో జనం పల్లె దవాఖాన అంటారు, ఆంధ్రలో విలేజ్ క్లినిక్ అంటారు. మందులూ అక్కడే ఇస్తారు. పండగ రోజు మూసి ఉంటుంది కాబట్టి ముందురోజో తర్వాతిరోజో పెట్టుకోండి. ఆశాకు ముందే ఫోన్ చేసి అడగండి.

ఇంట్లో బీపీ చూసేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది. పొలం నుంచి రాగానే, చాయ్ చేతిలో ఉండగానే పట్టీ కట్టేస్తారు. చాయ్, బీడీ అయ్యాక అరగంట ఆగాలి. వీపు ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పట్టీ కట్టిన చెయ్యి గుండె ఎత్తున ఉండాలి. చొక్కా చెయ్యి మీద కట్టకూడదు, మాట్లాడించకూడదు. నిమిషం గ్యాప్‌తో రెండుసార్లు చూసి రాసుకోండి. ఒక్కసారి 150 వచ్చిందని టెన్షన్ పడొద్దు. వేర్వేరు రోజుల్లో 140/90 అంతకన్నా పైనే వస్తుంటే డాక్టరును కలవాల్సిందే. 180/120 దాటి, దాంతోపాటు ఛాతీ నొప్పో, మాట తడబడటమో ఉంటే ఇంకేం ఆలోచించకుండా 108కి చేయండి.

పరగడుపున షుగర్ 126, అంతకన్నా ఎక్కువ వస్తే మళ్లీ చేయించి డాక్టరుకు చూపించాలి. అమ్మకు రక్తం కూడా చూపించండి. పెద్ద ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే రక్తహీనతే. "నాకేమైతది, తిరుగుతనే ఉన్న కద" అని అమ్మలు తప్పించుకుంటారు. రొమ్ములో గడ్డ, తెల్లబట్ట లాంటివి కొడుకుతో చెప్పరు. కూతురో కోడలో వెంట వెళ్తే మంచిది. ఎవరూ లేకపోతే ఆశానే అడగమనండి.

బీపీ గానీ షుగర్ గానీ ఉన్నవాళ్లకు ఏడాదికోసారి క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) కూడా చేయించండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వేలమందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. అక్కడివాళ్లు చాలామంది జబ్బు ముదిరాకే తెలుసుకున్నారు. మొదట్లో ఏ నొప్పీ ఉండదు, పరీక్షలోనే తెలుస్తుంది.

4. గోళీల డబ్బా ఒలకబోయండి

అక్షరాలా ఒలకబోయండి, మంచం మీద. మా ఇంట్లో ఒక పాత బిస్కట్ డబ్బాలో నలభై రకాలు బయటపడ్డాయి. సగం తేదీ దాటినవే. మూడు కుప్పలు చేయండి: డాక్టరు రాసి ఇప్పుడు వాడుతున్నవి, తేదీ దాటినవి, ఎందుకో తెలియనివి. చివరి రెండూ తీసేయాలి.

ఆ డబ్బాలో ఎప్పుడూ దొరికేది నొప్పి గోళీ. కలుపు తీసీ, మిరప ఏరీ, నడుం పట్టేసి రోజూ రాత్రి ఒకటి మింగి పడుకుంటారు. రోజూ వేసుకుంటే కిడ్నీలకు, కడుపుకు దెబ్బ. బీపీ ఉన్నవాళ్లకు మరీ చెడ్డది. "మానేయ్" అంటే మానరు, నొప్పి నిజమే కదా. వేణ్నీళ్ల కాపడం, పైపూత, పనిలో గంటకోసారి లేచి నిలబడటం, పొట్టి చేతిపార బదులు పొడుగు కట్టెది వాడటం చెప్పండి. ఇవన్నీ చేసినా తగ్గకపోతే డాక్టరు దగ్గరికి. ఆర్ఎంపీ దగ్గర నొప్పికి వేసే సూదిలో ఏముందో అడిగే హక్కు మీకుంది. చెప్పకపోతే వేయించుకోవద్దు. నీరసానికి సెలైన్ ఎక్కించుకోవడం కూడా అంతే. అన్నం తినగలిగే మనిషికి దాంతో ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు, జేబు మాత్రం ఖాళీ అవుతుంది.

ఇంకో తప్పు: "బీపీ నార్మల్‌కు వచ్చింది" అని గోళీ ఆపేయడం. అది గోళీ వేసుకుంటున్నందుకే నార్మల్‌లో ఉంది. డాక్టరు ఆపమనే దాకా ఆపొద్దు.

షుగర్ గోళీ వేసుకునేవాళ్లు ఉపవాసం ఉండే రోజు గోళీ సంగతి డాక్టరును ముందే అడగాలి. చెమటలు పట్టి, వణుకు వచ్చి, కళ్లు తిరిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి చేయాలి.

5. మందు కొట్టే రోజు

దీనికి సగం రోజు కేటాయించండి. పత్తి, మిరప వేసే ఇళ్లల్లో రోగం ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తుంది. 2017లో మన ఆదిలాబాద్‌కు ఆనుకునే ఉన్న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ దాదాపు ఇరవై మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ ఏడు చేను మనిషెత్తు పెరిగింది. కొట్టిన మందు మొహం మీదే పడింది. రెండు మూడు మందులు కలిపి కొట్టడమూ జరిగింది. మన చేలల్లోనూ జరిగేది ఇదే.

వీలైతే నాన్న మందు కొట్టే రోజు వెంట వెళ్లండి. ఏమీ అనకుండా ముందు చూడండి. నేను చూసింది ఇది: బాపు లుంగీ పైకి ఎగగట్టి, ఒట్టి కాళ్లతో డ్రమ్ము దగ్గర కూర్చున్నాడు. డబ్బా మూత పంటితో తిప్పాడు. మందు డ్రమ్ములో పోసి మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపాడు. పంపు నాజిల్ మూసుకుపోతే నోట్లో పెట్టి ఊదాడు. పావుగంటలో నాలుగు తప్పులు. అడిగితే "నలభై ఏండ్ల సంది కొడుతున్న బిడ్డా, ఏం గాలె" అన్నాడు. కళ్లు మండటం, రాత్రి తలనొప్పి, రెండు రోజులు అన్నం సయించకపోవడం ఆయన లెక్కలో "ఏం గాలె" కిందికే వస్తాయి.

చేయాల్సినవి:

- డబ్బా మీద చతురస్రంలో ఉన్న రంగు చూడండి. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. ఆకుపచ్చ అయినా మందు మందే. ఒకే పురుగుకు తక్కువ విషమున్న మందు ఉందేమో షాపులో కాదు, వ్యవసాయ విస్తరణ అధికారినో (ఏఈవో), రైతు సేవా కేంద్రంలోనో అడగండి. షాపతను అమ్ముకోవాల్సినవాడు కదా.
- గ్లౌజులు అన్నిటికంటే ముఖ్యంగా కలిపేటప్పుడు కావాలి. అప్పుడు చేతికి తగిలేది నీళ్లు కలవని చిక్కటి మందు. పొడుగాటి కర్రతో కలపాలి. ఆ కర్ర ఇంకే పనికీ వాడకూడదు.
- నిండు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు. ప్యాంటు అంచు బూటు పైనుంచి ఉండాలి, లోపల దోపితే కారిన మందు బూట్లోకే పోతుంది.
- మొహానికి తువ్వాల చుట్టుకుంటే చాలదు. అది తడిసి మందును మొహానికే అంటిపెడుతుంది. మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోవాలి.
- గాలి వీపుకు తగిలేలా నడవాలి. పొద్దున చల్లపూటో సాయంత్రమో కొట్టాలి. మధ్యాహ్నం చెమటకు మందు ఒంట్లోకి త్వరగా ఇంకుతుంది. గాలి ఎక్కువుంటే ఆ రోజు మానేయాలి.
- నాజిల్ మూసుకుపోతే పాత టూత్‌బ్రష్షుతో శుభ్రం చేయాలి. ఒక బ్రష్షు దారంతో పంపుకే కట్టేయండి, ఇక నోరు పెట్టరు.
- ముందురోజు పంపులో ఒట్టి నీళ్లు పోసి వీపు మీద కారుతుందేమో చూడండి. కారే వాషరు కొద్ది రూపాయల పని.
- మధ్యలో బీడీ, తంబాకు, నీళ్లు వద్దు. తాగాలంటే గ్లౌజులు తీసి సబ్బుతో చేతులు, మొహం కడిగాకే.

"ఉక్కపోస్తది" అని ఇవేవీ వేసుకోరు. ఆ మాట నిజమే, పూర్తి సూటు వేసుకుని మన ఎండల్లో ఎవరూ కొట్టలేరు. రాజీ పడాల్సి వస్తే నా వరస ఇది: గ్లౌజులు, బూట్లు, నిండు బట్టలు, కళ్లద్దాలు, మాస్కు. మొదటి మూడూ ఒప్పించగలిగితే ఈ ఏడాదికి గెలిచినట్టే. మిగతావి వచ్చే ఏడు. కూలికి వచ్చి కొట్టేవాళ్లకూ గ్లౌజులు ఇవ్వడం రైతు బాధ్యత. రెండు జతలు కొనమన్నది అందుకే.

అమ్మ సంగతి ఎవరూ పట్టించుకోరు. డ్రమ్ముకు నీళ్లు మోసేది ఆమె, సాయంత్రం ఆ చొక్కా ఒట్టి చేతులతో ఉతికేదీ ఆమె. మందు బట్టలు విడిగా నానబెట్టి, గ్లౌజులతో ఉతికి, వేరే తీగ మీద ఆరేయాలి. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు, పిల్లలు ఆ చేను ఛాయలకు పోకూడదు.

మందు సోకితే: చెమట, నోట్లో చొల్లు, వాంతులు, చూపు మసకబారడం, కండరాలు అదరడం, ఊపిరి అందకపోవడం, వీటిలో ఏది కనబడినా పని ఆపేయాలి. గాలి ఉన్న చోటికి తీసుకొచ్చి, బట్టలన్నీ విప్పి, ఒంటిని సబ్బుతో బాగా కడగాలి. మీరు గ్లౌజులు వేసుకునే కడగండి. కంట్లో పడితే పావుగంట ధారగా నీళ్లు పోయాలి. 108కి చేయాలి. ఉప్పునీళ్లు, పాలు, చింతపండు రసం ఏవీ తాగించొద్దు, వాంతి చేయించొద్దు. మందు డబ్బాను, లేదంటే దాని లేబుల్ ఫోటోను డాక్టరుకు చూపించండి. విరుగుడు ఏమిటో లేబుల్ మీదే ఉంటుంది.

6. మందు డబ్బాలకు తాళం

ఇంట్లో మిగిలిన పురుగుమందు, కలుపుమందు ఎక్కడుంటుందో చూడండి. చూరులో, మంచం కింద, ఒక్కోసారి వంటగది అలమరలో. అన్నీ తెచ్చిన పెట్టెలో పెట్టి తాళం వేయండి. పెట్టె ఇంటి బయట, కొట్టంలో ఉంటే మేలు. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి. ఆ ఒక్కరు ఎవరో 8వ మెట్టు చదివాక నిర్ణయించండి.

మందును కూల్‌డ్రింక్ సీసాలోకి మార్చొద్దు. పిల్లలు తాగేస్తారు, చీకట్లో పెద్దవాళ్లు కూడా. ఖాళీ డబ్బాలు మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు పంపులోనే పోసి, డబ్బాకు చిల్లులు పెట్టేయండి. చిల్లు లేకపోతే అది చెంబో, పప్పుల డబ్బానో అయిపోతుంది. మిగలకుండా కావలసినంతే కొనడం అన్నిటికన్నా మంచి పద్ధతి.

7. బీమాలు, అరగంట పని

తెలంగాణలో భూమి పట్టా పేరు మీదున్న 18 నుంచి 59 ఏళ్లవాళ్లకు రైతుబీమా ఉంది. 2018 ఆగస్టులో మొదలైంది, రైతు చనిపోతే 5 లక్షలు, కిస్తు ప్రభుత్వమే కడుతుంది. ఏఈవోను కలిసి పేరుందా, నామినీ ఎవరు అని అడగండి. చనిపోయిన నాయనమ్మ ఇంకా నామినీగా ఉన్న ఇళ్లు నాకు తెలుసు.

కౌలు రైతుకు ఇది రాదు. ఎవరికైనా బ్యాంకు ఖాతా మీద ప్రధానమంత్రి సురక్ష బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు, 18 నుంచి 70 ఏళ్ల దాకా. జీవన జ్యోతి 436 రూపాయలు, ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు, చేరడానికి 50 ఏళ్ల దాకా. రెండూ జూన్ 1 నుంచి మే 31 వరకు. మే చివర్లో ఖాతాలో డబ్బు లేకపోతే ఆగిపోతాయి. పాసుబుక్కు ప్రింటు వేయించి కిస్తు కట్ అయ్యిందో లేదో కంటితో చూడండి.

ఆరోగ్యశ్రీ తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి 10 లక్షల దాకా ఉంది. ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఏ జబ్బుకు వర్తిస్తుందో 104కి చేసి అడిగి చార్టు మీద రాయండి. ఆసుపత్రిలో ముందు ఆరోగ్యమిత్ర కౌంటరుకు వెళ్లాలి. డబ్బు కట్టేశాక వెళ్తే చిక్కు.

8. అప్పు, మనసు

ఇది అడగడం అన్నిటికన్నా కష్టం. రాత్రి భోజనాలయ్యాక, అరుగు మీద, లైటు ఎక్కువ లేని చోట మొదలుపెట్టండి. ఎదురెదురుగా కాకుండా పక్కన కూర్చోండి.

ముందు అప్పుల గురించి. "ఎంత చేశావు?" అనొద్దు. అది విచారణ. "నాకూ లెక్క తెలిస్తే తలా ఇంత సర్దుకుందాం బాపూ" అన్నాను నేను. అయినా మొదటి రాత్రి చెప్పలేదు. రెండో రాత్రి తనే నోటుబుక్కు తెచ్చాడు. ఎవరికి, ఎంత, ఎన్ని రూపాయల వడ్డీ, ఎప్పటిలోగా, ఈ నాలుగు రాయండి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 24, మూడు రూపాయలంటే 36. బ్యాంకు పంట రుణం 3 లక్షల దాకా 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. ముందు తీర్చాల్సింది ఏదో లెక్కే చెబుతుంది. కిసాన్ క్రెడిట్ కార్డు లేకపోతే దరఖాస్తు పెట్టించండి. ఇంటి మీదికొచ్చి బెదిరించే వసూలుదార్లుంటే 15100కి చేయండి.

ఇక మనసు. మనవాళ్లు "డిప్రెషన్" అనరు. "నిద్ర పడతలేదు", "గుండె దడ", "ఒంట్లో సత్తువ లేదు", "ఏమీ తోచట్లేదు" అంటారు. ఇలా రెండు వారాలు నడిస్తే గమనించండి. పొలానికి పోవడం మానేయడం, ఫోన్లు ఎత్తకపోవడం, తాగుడు పెరగడం, ఉన్నట్టుండి "అమ్మను చూసుకోండి" లాంటి అప్పగింత మాటలు వినబడితే వాయిదా వేయకండి. సూటిగా అడగండి: "బతకొద్దనిపిస్తుందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతాం. అలా జరగదు. అడిగినందుకు ఊపిరి పీల్చుకున్నవాళ్లే ఎక్కువ.

అవునంటే ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. మందు పెట్టె తాళంచెవి మీ దగ్గరో, ఇంకొకరి దగ్గరో ఉండాలి. 14416కి మీరే కలిపి ఫోన్ చేతికివ్వండి. ఆయన మాట్లాడనంటే మీరు మాట్లాడండి, ఏం చేయాలో చెబుతారు. అప్పటికప్పుడు ప్రాణభయం ఉందనిపిస్తే 108. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుణ్ని అడగండి, "నిద్ర డాక్టరు" అని తీసుకెళ్లినా తప్పులేదు.

అనకూడని మాటలు: "అందరికీ ఉన్నవే", "ధైర్యంగా ఉండు", "ఆ పక్కాయన చూడు ఎలా నెగ్గుకొచ్చాడో". మగాళ్లనే కాదు, అమ్మనూ అడగండి. మహిళా సంఘంలో తీసుకున్న లోను కిస్తు రోజు దగ్గరపడితే నిద్రపోనిది ఆమే.

9. ఊళ్లో ఒక మనిషి

ఇవన్నీ ఉన్నా రాత్రి రెండింటికి తలుపు తట్టడానికి ఒక మనిషి కావాలి. బండి ఉండాలి, తాగనివాడై ఉండాలి, మీ నాన్నతో మాటలున్నవాడై ఉండాలి. ఆయన ఇంటికి వెళ్లి అడగండి, ఫోన్‌లో వద్దు. సంచి ఎక్కడుందో చూపించండి. డీజిలు ఖర్చులకు కొంత డబ్బు కవరులో పెట్టి సంచిలోనే ఉంచండి, మొహమాటం లేకుండా వాడుకోమని చెప్పండి.

ఆయనకు పాము సంగతి ఒక్కటి తప్పక చెప్పండి. కాటు మీద కొయ్యడం, గట్టిగా కట్టు కట్టడం, నోటితో పీల్చడం, పసరు, మంత్రం ఏవీ వద్దు. కాటు పడ్డ కాలు కదలకుండా కర్ర ఆసరా పెట్టి, నడిపించకుండా ఆసుపత్రికి. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి కూడా పెట్టదు, నిద్రలోనే కరుస్తుంది. నేల మీద పడుకునే అలవాటుంటే మంచం, దోమతెర ఈ పండక్కే కొనిపెట్టండి.

పని జరిగిందా లేదా, ఎలా తెలుస్తుంది?

వారం తర్వాత ఫోన్ చేసి "అమ్మా, ఎర్ర సంచి ఎక్కడుంది?" అని అడగండి. వెతికి చెబితే పని జరగలేదు. వెతక్కుండా చెప్పాలి.

ఇరవై రోజులకు బీపీ గోళీలు ఎన్ని మిగిలాయో లెక్కబెట్టమనండి. ముప్పై ఇచ్చి రోజుకొకటి చెబితే పది ఉండాలి. పదిహేడు ఉన్నాయంటే మధ్యలో మానేస్తున్నారు. తిట్టకండి, ఏ పూట మరిచిపోతున్నారో కనుక్కుని ఆ పూట చేసే పనితో జత చేయండి. మా అమ్మ గోళీల అట్ట చాయ్‌పొడి డబ్బాలో పెట్టాక మరవలేదు.

మందు కొట్టిన రోజు సాయంత్రం వీడియో కాల్ చేసి గ్లౌజులు చూపించమనండి. కొత్తగా మెరుస్తుంటే వాడలేదన్నమాట.

మూడు నెలలకోసారి చార్టు మీదున్న నంబర్లన్నిటికీ, అత్యవసర నంబర్లు తప్ప, మీరే ఫోన్ చేసి చూడండి. మా చార్టు మీద ఆటో అతని నంబరు ఏడాదిలో రెండుసార్లు మారింది. రెండోసారి మార్చిన సంగతి అతను చెప్పలేదు, ఫోన్ ఎత్తిన వాళ్లావిడ చెప్పింది.